ఐదో తారీఖుకు ముందు రాసిన స్కానింగ్

పోయిన నెలలో ఒక రాత్రి మా అప్ప (అక్క) కొడుకు ఫోన్ చేశాడు. వాడు జనరల్ మెడిసిన్‌లో ఎండీ చేసి ఏడాదిన్నర అయింది. ఇప్పుడు విశాఖలో ఒక పెద్ద ఆసుపత్రిలో జీతానికి పనిచేస్తున్నాడు. "మావయ్యా, శ్రీకాకుళం పాలకొండ రోడ్డులో మూడంతస్తుల బిల్డింగ్ దొరికింది. కింద ఓపీ, ల్యాబు, మెడికల్ షాపు పెట్టుకోవచ్చు. పైన ఇరవై పడకలు పడతాయి. బ్యాంకు వాళ్లు కోటిన్నర వరకూ ఇస్తామంటున్నారు. నువ్వొకసారి వచ్చి చూడవా?" అన్నాడు.

గొంతులో సంతోషం దాగట్లేదు. నేను మాత్రం "మంచి పని చేస్తున్నావురా" అనలేకపోయాను. ఆదివారం వస్తానని చెప్పి పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2009లో ఇదే ఊళ్లో, ఇంచుమించు ఇవే మాటలు నేను మా నాన్నతో అన్నాను. ఆయనా ఇలాగే కాసేపు ఏమీ మాట్లాడలేదు.

వాడికి నోటితో చెబితే సగం మర్చిపోతాను, సగం కోపంగా చెబుతాను. అందుకే రాయడానికి కూర్చున్నాను. వాడి వయసు డాక్టర్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామంది ఉన్నారు కాబట్టి అందరూ చదువుకునేలా ఇక్కడ పెడుతున్నాను.

డాక్టరు నాలుగు డబ్బులు వెనకేసుకోవడం తప్పని నేను అనను. వెనకేసుకోవాలి. చేతిలో డబ్బు లేని డాక్టరు ఎవరికీ ఎదురు చెప్పలేడు. కానీ ఆ డబ్బు నెలనెలా పక్కన పెట్టి పెంచుకున్నది కావాలి. పెద్ద అప్పు చేసి ఆసుపత్రి కట్టి, ఆ అప్పును పేషెంట్ల చేత తీర్పించుకుని సంపాదించింది కాకూడదు. అప్పు నెత్తిన పెట్టుకుని మందుచీటీ రాసే డాక్టరు ఒక్కడే రాయడు, ఆ అప్పు కూడా అతనితో పాటు రాస్తుంది. ఇది ఎవరో చెబితే విన్న మాట కాదు. నా చేత్తో నేను రాసిన చీటీల సంగతి.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. నేను 1991లో ఆంధ్రా మెడికల్ కాలేజీలో చేరినప్పుడు ఈ రెండు జిల్లాల్లో ఒక్క మెడికల్ కాలేజీ కూడా లేదు. డాక్టరు కావాలంటే పెట్టె సర్దుకుని విశాఖ వెళ్లాల్సిందే. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, హౌస్‌సర్జన్సీ ఒక ఏడాది. తర్వాత పీజీ ఎంట్రన్స్ కోసం రెండేళ్లు విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ దగ్గర అద్దె గదిలో చదువుతూ గడిపాను. ఎండీ మూడేళ్లు. 2003లో శ్రీకాకుళంలో క్లినిక్ బోర్డు పెట్టేసరికి నాకు ముప్ఫై ఏళ్లు.

నాతో పదో తరగతి చదివిన స్నేహితుడొకడు 1996 డీఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచరయ్యాడు. నేను బోర్డు పెట్టిన రోజుకి అతనికి ఏడేళ్ల సర్వీసు ఉంది. జీపీఎఫ్‌లో నెలనెలా పడుతోంది, ఎల్ఐసీ పాలసీలు రెండున్నాయి, నరసన్నపేటలో స్థలం కొని డబ్బంతా కట్టేశాడు. 2004 సెప్టెంబరు కంటే ముందు చేరాడు కాబట్టి పాత పెన్షనూ ఉంది. నాకున్నది స్టెతస్కోపూ, మా నాన్న సొసైటీలో తీసుకున్న అప్పూ. ఊళ్లో మాత్రం "డాక్టరు బాబుకేటి, లచ్చలు" అనేవారు. నేనూ అది నమ్మేశాను, అక్కడే వచ్చింది చిక్కు.

డాక్టరు సంపాదన ఆలస్యంగా మొదలవుతుంది. ఇంజినీరూ టీచరూ ఇరవై రెండుకే మొదలుపెడితే మనం ముప్ఫైకి మొదలుపెడతాం. సూపర్ స్పెషాలిటీ చేస్తే ముప్ఫై మూడు. మొదలయ్యాక నెల సంపాదన వాళ్ల కంటే ఎక్కువే ఉంటుంది, కాదనను. కానీ పోయిన ఎనిమిదేళ్లు మనసులో ముల్లులా ఉంటాయి. బ్యాచ్‌మేట్ కారు కొంటాడు. ఇంకొకడు రాజాంలో ఆసుపత్రి కడతాడు. ఏళ్ల తరబడి వెనకబడిపోయాం, ఒక్క దెబ్బతో అందుకోవాలన్న తొందర పుడుతుంది. మన జిల్లాల్లో డాక్టర్ల డబ్బు పోయేది తక్కువ సంపాదన వల్ల కాదు, ఈ తొందర వల్ల. ఐదున్నరేళ్లలో మాకు శరీరంలో ప్రతి నరం పేరూ నేర్పారు గానీ వడ్డీ అంటే ఏమిటో ఒక్క గంట కూడా చెప్పలేదు.

2003 నుంచి 2009 వరకూ నా చిన్న క్లినిక్ బాగానే నడిచింది. ఆ డబ్బుతోనే టౌన్లో స్థలం కొన్నాను. ఆ స్థలం మీద ఇరవై పడకల నర్సింగ్ హోమ్ కట్టడానికి, స్కానింగ్ మెషీనుకీ, జనరేటరుకీ, లిఫ్టుకీ కలిపి కోటీ ఇరవై లక్షలు అప్పు తీసుకున్నాను. 12 శాతం వడ్డీ, పదేళ్ల గడువు. నెల వాయిదా లక్షా 72 వేలు, ప్రతి నెలా ఐదో తారీఖున కట్టాలి.

ఒక మామూలు నెల లెక్క చెబుతాను, ఎందుకంటే బయటి నుంచి చూసేవాళ్లకి ఆసుపత్రి బిల్డింగే కనపడుతుంది. నెలకు వసూళ్లు ఏడు లక్షలు. డ్యూటీ డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్, వార్డు బాయ్‌లు, ఆయాల జీతాలు రెండు లక్షల 40 వేలు. కరెంటు, డీజిల్, ఆక్సిజన్ సిలిండర్లు, బట్టల ఉతుకులు, రిపేర్లు 80 వేలు. బ్యాంకు వాయిదా లక్షా 72 వేలు. ఊళ్ల నుంచి కేసులు పంపించే ఆర్ఎంపీలకి లక్షా 30 వేలు. ఇవన్నీ పోగా నాకు మిగిలేది 78 వేలు. ఇరవై నాలుగ్గంటలూ ఫోన్ పక్కన పెట్టుకుని పడుకునే మనిషికి, ఏ పేషెంటు తాలూకు బంధువులు ఎప్పుడు గొడవకొస్తారోనన్న టెన్షన్‌తో బతికే మనిషికి, 78 వేలు.

ఆర్ఎంపీల లెక్క దగ్గర కాస్త ఆగుతాను. అర్ధరాత్రి పల్లెలో జ్వరమొస్తే తలుపు తట్టడానికి ఉన్నది వాళ్లే, కాబట్టి వాళ్లని తిట్టడం నా ఉద్దేశం కాదు. కానీ పేషెంటును ఎక్కడికి తీసుకెళ్లాలో వాళ్లే నిర్ణయిస్తారు. నేను ఆసుపత్రి నడిపిన రోజుల్లో బిల్లు మీద నూటికి ఇరవై నుంచి ముప్ఫై రూపాయలు వాళ్ల వాటా. ప్రతి నెలా మొదటి ఆదివారం మా మేనేజరు కవర్లు సిద్ధం చేసేవాడు. ఒక్కో కవరు మీద ఊరి పేరు ఉండేది. మనిషి పేరు ఉండేది కాదు. రెఫరల్‌కి కమిషన్ ఇవ్వడం, తీసుకోవడం రెండూ తప్పని మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళిలో స్పష్టంగా ఉంది. అది నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. ఇవ్వకపోతే ఆ నెల పడకలు సగం ఖాళీగా ఉంటాయి. పడకలు ఖాళీ అయితే ఐదో తారీఖు గడవదు. పోనీ ఆ వాటా నా జేబులోంచి పోతుందా అంటే పోదు, బిల్లులోనే చేరుతుంది. నూరు రూపాయల వైద్యానికి పేషెంటు నూట ముప్ఫై కట్టుకుంటాడు.

2012లో ఒక నెల రెండో తారీఖున పలాస నుంచి ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. జీడి పిక్కలు కొట్టే పని. "కడుపులో మంట బాబూ, అన్నం సయించట్నేదు" అంది. పొద్దున టీ తాగి పనిలోకి వెళ్లడం, మధ్యాహ్నం రెండింటికి తినడం, నడుం నొప్పికి రోజూ మాత్ర వేసుకోవడం. ఆ మూడు మాటలు వినగానే జబ్బేమిటో నాకు తెలిసిపోయింది. నొప్పి మాత్ర మానిపించి, మంటకు రెండు వారాల మందు రాసి, తగ్గకపోతే రమ్మంటే సరిపోయేది. నేను కడుపు స్కానింగూ, నాలుగు రక్త పరీక్షలూ రాశాను. ఆ నెల వాయిదాకి ఇంకా అరవై వేలు తక్కువున్నాయి. ఆ సంగతి నా తలలో ఉంది. చీటీ రాసే చేతిలోనూ ఉంది.

కౌంటరు దగ్గర ఆవిడ డబ్బు కడుతుంటే నేను వేరే పని మీద అటు వెళ్లాను. 1,500 బిల్లు. నూరు రూపాయల నోట్లు లెక్కపెడుతోంది, కానీ ఒకదాన్నుంచి ఒకటి విడదీయలేకపోతోంది. జీడి పసరు తగిలి తగిలి వేళ్ల కొసల మీద చర్మం నల్లబడి, పొరలు పొరలుగా లేచి, కింద నున్నగా అయిపోయింది. నోటు ఆ వేళ్లకి పట్టు చిక్కట్లేదు. చివరికి మా రిసెప్షన్ అమ్మాయి నోట్లు తీసుకుని తనే లెక్కపెట్టింది. కమ్మలు కుదువపెట్టి వచ్చిందని ఆ అమ్మాయే తర్వాత చెప్పింది.

స్కానింగ్‌లో ఏమీ లేదు. ఉండదని నాకు ముందే తెలుసు. ఆ మాట చెబితే ఆవిడ రెండు చేతులూ జోడించి, "ఏటీ నేదా బాబూ? దేవుడి దయ" అని సంతోషంగా వెళ్లింది. నేను ఐదో తారీఖున వాయిదా కట్టేశాను.

అప్పటికీ నేను మారలేదు. అందరూ చేస్తున్నదే కదా అనుకున్నాను. మార్చింది ఇంకొకాయన. 2014లో కవిటి నుంచి వచ్చాడు. ఉద్దానం అంటే అందరికీ తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, పలాస, మందస, ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు ఇంటింటికీ పాకింది. మొహం కాస్త ఉబ్బి ఉంది, ఆకలి లేదంటున్నాడు. క్రియాటినిన్, అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష, చేయించమని రాశాను. ఆ ప్రాంతం మనిషికి అది రాయకపోతే తప్పు. ఆయన చీటీ చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ టెస్టులు రాస్తే మీకు డబ్బులొస్తాయట కదా బాబూ. మందులు రాసీండి, సాలు" అన్నాడు. వెటకారం లేదు, కోపం లేదు. బజార్లో కూరగాయల ధర అడిగినంత మామూలుగా అన్నాడు. నేను గట్టిగా చెప్పలేకపోయాను. ఏ మొహంతో చెప్పను? పలాస ఆవిడకి స్కానింగ్ రాసిన చెయ్యే కదా ఇది.

ఏడు నెలలకి మళ్లీ వచ్చాడు, ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. క్రియాటినిన్ ఎనిమిది దాటింది. కేజీహెచ్‌కి పంపాం, డయాలసిస్ మొదలుపెట్టారు. ఏడు నెలల ముందే పట్టుకుంటే ఆయన కిడ్నీలు పూర్తిగా బాగయ్యేవని నేను చెప్పను. డయాలసిస్ కొన్నాళ్లు వెనక్కి నెట్టగలిగేవాళ్లమేమో. అవసరం లేని టెస్టులు రాసీ రాసీ, అవసరమైన టెస్టు రాసిన రోజున మన మాటకి విలువ లేకుండా చేసుకున్నాం. డాక్టరు ఆస్తి గురించి మాట్లాడేటప్పుడు దీన్ని నష్టాల్లో ఎవరూ రాయరు. నా లెక్కలో ఇదే అన్నిటికంటే పెద్ద నష్టం.

2015లో ఆసుపత్రి మూసేశాను. ఆరేళ్లలో బ్యాంకుకి కోటీ 24 లక్షలు కట్టాను. తీసుకున్న అసలు కంటే ఎక్కువే. అయినా ఇంకా 65 లక్షలు బాకీ ఉందని కాగితం చూపించారు. మొదటేళ్లలో కట్టిందంతా వడ్డీకే పోతుందని అప్పుడు గానీ నాకు బోధపడలేదు. స్కానింగ్ మెషీను, జనరేటరు వచ్చినకాడికి అమ్మేశాను. ఊళ్లో నా వాటాకొచ్చిన పొలం అమ్మాను. పొలం కాగితాల మీద సంతకం పెట్టిన రోజు మా నాన్న భోజనం చేయలేదు. పై రెండంతస్తులు కాలేజీ హాస్టలుకి అద్దెకిచ్చి, కింద రెండు గదుల్లో మళ్లీ 2003 నాటి క్లినిక్ పెట్టుకున్నాను.

ఆ నెల నుంచి ఒక పని చేశాను. వాయిదా కట్టడం అలవాటైన మనిషిని కదా, ఐదో తారీఖును అలాగే ఉంచేశాను. ఆ రోజున బ్యాంకు ఖాతాలోంచి 60 వేలు తీసి కొంత పీపీఎఫ్‌లో, మిగతాది మార్కెట్ మొత్తాన్నీ అనుసరించే ఇండెక్స్ ఫండులో వేయడం మొదలుపెట్టాను. ఒక్క నెల కూడా తప్పలేదు, కరోనా ఏడాదిలో కూడా. పదేళ్లు గడిచేసరికి అది కోటీ పాతిక లక్షలకి కాస్త అటూ ఇటూగా చేరింది. నేను అప్పు చేసింది కోటీ ఇరవై. మొదటి పదేళ్లలో మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో లెక్క వేసుకోవడం మానేశాను.

వీడి లెక్క మాత్రం వేశాను. కోటిన్నర అప్పు, పదిన్నర శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే నెల వాయిదా రెండు లక్షల రెండు వేల పైన పడుతుంది. నెలకు పాతిక రోజులు ఓపీ చూస్తే రోజుకు 8,100. ఫీజు 300 అయితే రోజూ మొదటి ఇరవై ఏడుగురి ఫీజు బ్యాంకుకే. ఇరవై ఎనిమిదో మనిషి నుంచి నర్సుల జీతాలు, కరెంటు, అద్దె. ఓపీ ఫీజుతో ఇది తీరదు, ఎవరికీ తీరదు. ల్యాబూ స్కానింగూ పడకలూ తీర్చాలి. అంటే కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ చూడగానే "ఈయన్ని అడ్మిట్ చేయొచ్చా" అన్న ఆలోచన రాక తప్పదు. వాడు మంచి పిల్లాడే. నేనూ చెడ్డవాణ్ణి కాదు.

అదే రెండు అద్దె గదులు, ఇద్దరు సహాయకులతో మొదలుపెడితే? పది రోజుల్లోపు మళ్లీ చూపించుకోవడానికి వచ్చేవాళ్ల దగ్గర ఫీజు తీసుకోకుండా, డబ్బు కట్టే పేషెంట్లు రోజుకు ముప్ఫై మంది అనుకుందాం. 300 చొప్పున నెలకు రెండు లక్షల పాతిక వేలు. అద్దె, జీతాలు, కరెంటు, చిల్లర ఖర్చులు కలిపి 50 వేలు. లక్షా 75 వేలు మిగులుతాయి. ముప్ఫై మంది మొదటి నెలలో రారు, రెండేళ్లు పట్టొచ్చు. ఆ రెండేళ్లు ఓపిక పట్టగలగడానికే చేతిలో ఆరు నెలల ఖర్చు ఉండాలి, నెత్తిన వాయిదా ఉండకూడదు.

అందులోంచి నెలకు 25 వేలు పక్కన పెట్టి, ఏడాదికి పది శాతం పెరిగిందనుకుంటే, పాతికేళ్లకి మూడు కోట్ల 34 లక్షలు అవుతుంది. అదే 25 వేలు పదేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టి పదిహేనేళ్లే వేస్తే కోటీ నాలుగు లక్షల పైచిలుకు. మార్కెట్ ఏటా పది ఇవ్వదు, ఒక ఏడాది పడిపోతుంది, ఒక ఏడాది లేస్తుంది. కానీ ఆ రెండు అంకెల మధ్య తేడా చూడండి. ఆసుపత్రి వాయిదాలు కట్టుకుంటూ గడిపే మొదటి పదేళ్ల ఖరీదు అది. పొదుపు అనగానే మనవాళ్లకి విసుగు, "నెలకు పాతిక వేలతో ఏమవుతుంది" అంటారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకున్న రైతుని అడగండి, కాలం గడిస్తే వడ్డీ ఏం చేస్తుందో చెబుతాడు. అదే వడ్డీ మన వైపు నిలబడితే అంతే పని చేస్తుంది.

వడ్డీ మాట వచ్చింది కాబట్టి పన్ను సంగతి కూడా. నగదు తీసుకుని లెక్కలో చూపించకపోవడమే తెలివి అనుకునే డాక్టర్లు నాకు చాలామంది తెలుసు. ఆ డబ్బు బ్యాంకుకి పోదు, ఫండ్లలోకి పోదు. బీరువాలో ఉంటుంది, లేదా స్థలంగా మారుతుంది. తీరా నిజంగా అప్పు అవసరమైన రోజున రిటర్నుల్లో ఆదాయం తక్కువ కనిపించి బ్యాంకు ఇవ్వదు. అప్పుడు ఫైనాన్స్ వాళ్ల దగ్గర అదే రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి తెస్తారు. చిన్న ప్రాక్టీసు ఉన్న డాక్టరుకి చట్టమే దారి చూపించింది. ఏడాది వసూళ్లు 50 లక్షల లోపు ఉంటే అందులో సగమే ఆదాయంగా చూపి పన్ను కట్టొచ్చు. నగదు వసూళ్లు ఐదు శాతం మించకపోతే 75 లక్షల వరకూ అదే వెసులుబాటు. ఫోన్‌పే స్కానర్ పెట్టుకుని అన్నీ ఖాతాలోకి వేసుకుంటే సరిపోతుంది. రాత్రి నిద్ర కూడా పడుతుంది.

భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ప్లాట్లు అమ్మేవాళ్లు ఓపీ గదిలోకే బ్రోచర్లు తెచ్చి ఇస్తారు. నేనూ ఒక వెంచర్లో కొన్నాను. ధర పెరిగిందని పదేళ్లుగా వింటున్నాను. మా అమ్మాయి చదువుకి డబ్బు కావలసి వచ్చినప్పుడు అమ్మబోతే లింకు డాక్యుమెంట్లో తగవుందన్నారు. ఇల్లు ఒకటి కావాలి, సరే. మిగతా డబ్బంతా మట్టిలో పెట్టొద్దు. టర్మ్ ఇన్సూరెన్సు, ఇంట్లో అందరికీ హెల్త్ పాలసీ, పేషెంట్లు కేసు వేస్తే డాక్టరుని ఆదుకునే ఇండెమ్నిటీ పాలసీ, ఈ మూడూ మొదటి ఏడాదే తీసుకోవాలి. వైద్యులు వినియోగదారుల చట్టం కిందకి వస్తారని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది.

ఇంకో మాట రాయకుండా ఉండలేను. డాక్టరు పెళ్లికొడుకుకి ఆసుపత్రి కట్టిస్తామని వచ్చే సంబంధాలు. ఆ డబ్బును కట్నం అనరు, "అల్లుడి గారికి సాయం" అంటారు. 1961 నుంచి చట్టప్రకారం అది నేరం. నేరం సంగతి అలా ఉంచితే, అంతకంటే ఖరీదైన అప్పు ఇంకొకటి లేదు. బ్యాంకుకి పదేళ్లు కడితే తీరుతుంది. మామగారి డబ్బుతో లేచిన బిల్డింగులో ఆ ఇంటి ఆడపిల్ల జీవితాంతం తన పుట్టింటి డబ్బుకి జవాబు చెప్పుకుంటూ ఉంటుంది, ఆ డాక్టరు జీవితాంతం తలదించుకుని ఉంటాడు. వచ్చిన సంబంధాన్ని ఈ ఒక్క కారణంతో కాదన్న కుర్రాళ్లు ఇద్దరు నాకు తెలుసు. వాళ్లంటే నాకు చాలా గౌరవం.

పిల్లలకి సీటు కొనే తల్లిదండ్రుల గురించి కూడా. ఇప్పుడు నెల్లిమర్లలో మహారాజా కాలేజీ ఉంది, రాగోలులో జెమ్స్ ఉంది, శ్రీకాకుళంలో 2008లో రిమ్స్‌గా మొదలైన ప్రభుత్వ కాలేజీ ఉంది, విజయనగరంలో 2023లో 150 సీట్లతో ప్రభుత్వ కాలేజీ వచ్చింది. నాకు లేని అదృష్టం ఇది, మన పిల్లలు మన జిల్లాలోనే చదువుకోవచ్చు. కానీ 2023లో మొదలైన ప్రభుత్వ కాలేజీల్లో కూడా బీ కేటగిరీ సీటుకి, అంటే ఎక్కువ ఫీజు కట్టి చేరే సీటుకి, ఏడాదికి 12 లక్షల ఫీజు పెట్టారు. ఐదేళ్లకి 60 లక్షలు. ఆ మొత్తం పదకొండు శాతానికి అప్పు తెస్తే పదేళ్ల పాటు నెలకు 82 వేలకు పైగా వాయిదా. ఎంబీబీఎస్ అయి డ్యూటీ డాక్టరుగా చేరిన కుర్రాడి జీతం చాలా చోట్ల ఆ వాయిదాకే చాలదు. రణస్థలం, ఎచ్చెర్ల వైపు భూములు అమ్మి ఈ సీట్లు కొన్నవాళ్లు నా దగ్గరికి సలహాకి వస్తారు, కొన్నాక వస్తారు. ఇంకో ఏడాది నీట్ రాయించండి, రాకపోతే నర్సింగో ఫార్మసీయో పశువైద్యమో చూడండి అంటే వాళ్లకి కోపం వస్తుంది. చదువు మొదలవకముందే అప్పు మొదలైతే ఆ పిల్లాడు ఎప్పటికీ నిదానంగా చీటీ రాయలేడు.

నా స్నేహితుడొకాయన, సర్జను, ఇవన్నీ విని నన్ను సూటిగా అడిగాడు. "అందరూ రెండు గదుల్లో కూర్చుంటే ఆపరేషన్లు ఎక్కడ చేయాలి? రాత్రి పాము కరిచిన మనిషిని విశాఖ దాకా నూరు కిలోమీటర్లు తోలాలా?" అని. న్యాయమైన ప్రశ్న, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆసుపత్రులు కావాలి. పలాసలో 2023 డిసెంబరులో ప్రభుత్వం రెండొందల పడకల ఆసుపత్రీ కిడ్నీ పరిశోధన కేంద్రమూ తెరిచాక ఉద్దానం వాళ్లకి ఎంత తెరిపి వచ్చిందో నేను చూస్తున్నాను. కానీ ప్రైవేటులో అయితే ముప్ఫై రెండేళ్ల ఒంటరి డాక్టరు నెత్తి మీద ఆ బరువు పెట్టకూడదు. ఆరేడుగురు డాక్టర్లు, అప్పటికే ప్రాక్టీసు నిలబడి చేతిలో సొంత డబ్బు ఉన్నవాళ్లు, తలో కొంత వేసుకుని కట్టుకోవాలి. అప్పు ఉన్నా కొద్దిగా ఉంటుంది, అదీ పంచుకున్న అప్పు. ఒకడికి వాయిదా భయం పుడితే "ఈ స్కానింగ్ ఎందుకు రాశావు" అని అడగడానికి పక్కన ఇంకో ఐదుగురుంటారు. నన్ను అడగడానికి ఎవరూ లేరు.

పీహెచ్‌సీ ఉద్యోగం గురించీ మా వాడికి చెప్పాలి, ఎండీ అయిపోయింది కాబట్టి వాడికి కాదు, వాడి తమ్ముడికి. ఎంబీబీఎస్ అవగానే సీతంపేట వైపు కొండల్లో మూడు నాలుగేళ్లు చేస్తే జీతం వస్తుంది, ఖర్చుండదు, ప్రభుత్వ డాక్టర్లకి ఉండే ఇన్‌సర్వీస్ కోటాలో పీజీకి దారుంటుంది. మలేరియా, సికిల్‌సెల్, పాముకాటు, కాన్పులు, అన్నీ చేత్తో నేర్చుకుంటాడు.

ఆదివారం వెళ్లాను. బిల్డింగ్ బాగుంది, గాలీ వెలుతురూ ఉన్నాయి. వాడు మెట్లెక్కుతూ ఐసీయూ ఎక్కడో, ఎక్స్‌రే ఎక్కడో చేత్తో చూపిస్తున్నాడు. కిందకి దిగాక ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ తాగుతూ, నా 2012 లెక్క, వాడి లెక్క, రెండూ రాసిన కాగితం ఇచ్చాను. పలాస ఆవిడ గురించీ చెప్పాను. ఇన్నేళ్లలో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. వాడు కాగితం రెండుసార్లు చదివి, "నీకు ఫోన్ చేస్తాను మావయ్యా" అని బండెక్కాడు.

రెండు రోజులకి ఫోన్ వచ్చింది గానీ వాడి దగ్గర్నుంచి కాదు, మా అప్ప దగ్గర్నుంచి. "ఏటిరా తమ్ముడూ, నా కొడుకు పేరు పెద్ద బోర్డు మీద సూడాలని ఎన్నేళ్ల బట్టో ఎదురు సూస్తన్నాను. నువ్వు అద్దె గదిలో కూకోబెడతానంటన్నావట" అంది. ఏడుస్తోంది. నన్ను చదివించడానికి తను ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి. నేను తనకి వడ్డీ లెక్కలు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ప్రింటు తీసి మా అమ్మాయికిచ్చి, అప్పకి చదివి వినిపించమని చెప్పాను. బిల్డింగ్ ఓనరు అడ్వాన్సుకి వచ్చే బుధవారం దాకా గడువిచ్చాడు.